నాకౌట్ చేసింది ఒక జన్యువు, లేనివి మూడు: హైదరాబాద్‌లో ఒక బ్లాక్ 6 కాలనీ కేసు

తార్నాక, హబ్సిగూడ నుంచి శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ దాకా హైదరాబాద్‌లో చిట్టెలుకల మీద పనిచేసే ల్యాబులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి నేను జీనోటైపింగ్, కాలనీ మేనేజ్‌మెంట్ చేసిపెడతాను. ఏ కేజ్‌లో ఉన్న ఎలుకకు ఏ జన్యువు ఉందో డీఎన్ఏ చూసి చెప్పడం, ఏ జతను కలిపితే కావలసిన పిల్లలు తక్కువ జంతువులతో వస్తాయో లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఈ కేసును ఆ ల్యాబ్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల పని ఇంకా అచ్చు కాలేదు కాబట్టి వాళ్లు నాకౌట్ చేసిన, అంటే కావాలని పనిచేయకుండా చేసిన, జన్యువును 'క' అని మాత్రమే పిలుస్తాను. ల్యాబ్ పేరు, ఎలుకలు ఇచ్చిన సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇలాంటిది ఎక్కడైనా జరగవచ్చు, విదేశాల్లో పెద్ద ల్యాబుల్లోనూ జరిగింది.

సమస్య వచ్చిన తీరు

ల్యాబ్ పని పార్కిన్సన్స్ జబ్బు మీద. ఈ జబ్బులో మెదడులో డోపమీన్ తయారుచేసే కణాలు చనిపోతాయి. ఆ కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలుగా పేరుకుంటుంది. 140 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది. దాని జన్యువులో మ్యుటేషన్ ఉన్న కుటుంబాల్లో పార్కిన్సన్స్ తరతరాలుగా వస్తోందని 1997లో తేలింది. అప్పటి నుంచి ఈ రంగంలో దాదాపు ప్రతి ల్యాబ్ దాన్ని కొలుస్తుంది. ఎలుకల్లో ఈ జబ్బును పోలిన నష్టం కలిగించడానికి ఎంపీటీపీ అనే విషాన్ని వాడతారు. అది మెదడులో ఎంపీపీ ప్లస్‌గా మారి, డోపమీన్ ట్రాన్స్‌పోర్టర్ గుండా కణంలోకి దూరి, మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్ 1ని ఆపేస్తుంది.

ల్యాబ్‌లో రెండు కాలనీలు ఉండేవి. ఒక ర్యాక్‌లో 'క' నాకౌట్ ఎలుకలు. ఇవి వేరే ఊళ్లోని ఒక సంస్థ నుంచి వచ్చాయి. అక్కడ వీటిని చాలా తరాల పాటు బ్లాక్ 6 అనే ల్యాబ్ చిట్టెలుకల వంశంతో బ్యాక్‌క్రాస్ చేశారు, అంటే ప్రతి తరం పిల్లలనూ మళ్లీ ఆ వంశంతోనే కలిపారు. ఇక్కడికి వచ్చాక నాకౌట్ మగను నాకౌట్ ఆడతోనే కలుపుతూ వచ్చారు. పుట్టే ప్రతి పిల్లా నాకౌటే కాబట్టి జీనోటైపింగ్ ఖర్చు ఉండదు, కేజ్‌లు కూడా తక్కువ పడతాయి. రెండో ర్యాక్‌లో కంట్రోల్ కోసం విడిగా తెచ్చిన మామూలు బ్లాక్ 6 ఉండేవి.

ఎంపీటీపీ ఇచ్చినప్పుడు మామూలు ఎలుకల్లో డోపమీన్ కణాలు బాగా తగ్గాయి. 'క' నాకౌట్లలో పెద్దగా తగ్గలేదు. పైగా యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో నాకౌట్ మెదళ్లలో ఆల్ఫా సిన్యూక్లిన్ బ్యాండ్ అసలే లేదు. దాంతో ల్యాబ్‌కు ఒక వివరణ దొరికింది. 'క' లేకపోతే సిన్యూక్లిన్ నిలవదు, సిన్యూక్లిన్ లేకపోతే విషం పనిచేయదు. ఈ రెండో మాటకు గట్టి ఆధారం ముందే ఉంది. ఆల్ఫా సిన్యూక్లిన్ లేని ఎలుకలు ఎంపీటీపీని తట్టుకుంటాయని 2002లోనే ప్రచురితమైంది. అందుకే ఈ పని చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థినికి గానీ, గైడ్‌కి గానీ అనుమానం రాలేదు. రెండు ముక్కలూ చక్కగా అతికాయి.

డాక్టరల్ కమిటీలో ఒకరు మాత్రం, కంట్రోల్ ఎలుకలు నాకౌట్ల లిట్టర్‌మేట్సేనా, అంటే ఒకే కాన్పు తోబుట్టువులేనా అని అడిగారు. కావు. సరే, ఒక తల్లికి పుట్టిన పిల్లల్లోనే నాకౌట్‌నీ వైల్డ్ టైప్‌నీ (జన్యువు మామూలుగా ఉన్నదాన్నీ) పోల్చి చూపించమన్నారు. నాకౌట్‌ను మామూలు బ్లాక్ 6తో కలిపి ఎఫ్1 తీశారు, ఎఫ్1 అన్నాచెల్లెళ్లను కలిపి ఎఫ్2 తీశారు. ఎఫ్2 చెవి ముక్కలు జీనోటైపింగ్‌కు నా దగ్గరికి వచ్చాయి. రిపోర్ట్ పంపిన తర్వాత కొన్నాళ్లకు విద్యార్థిని నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరు 'క' వైల్డ్ టైప్ అని రాసిచ్చిన ఎలుకలో సిన్యూక్లిన్ లేదు. నాకౌట్ అని రాసిచ్చిన దాంట్లో నిండుగా ఉంది. ట్యూబులు తారుమారయ్యాయేమో, ఒకసారి మళ్లీ చేస్తారా?"

అడగడంలో తప్పు లేదు. ఎవరైనా మొదట అనుమానించేది ట్యూబులనే. కొత్తగా చెవి ముక్కలు తీయించాం. ఆ అమ్మాయి రాయదుర్గం నుంచి హబ్సిగూడ దాకా మెట్రోలో ఐస్ బాక్స్ పట్టుకుని తనే వచ్చి ఇచ్చింది. ఈసారి ఏది ఏ ఎలుకదో తెలియని మనిషితో పీసీఆర్ (కావలసిన డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) చేయించాను. 'క' ఫలితాల్లో ఒక్కటీ మారలేదు.

బ్యాండ్లు మూడు గుంపులు

అప్పుడు వెస్టర్న్ ఫలితాలన్నీ పంపమన్నాను. విద్యార్థిని వాటిని 'క' జీనోటైప్ ప్రకారం వరుస పెట్టి చూస్తోంది. అలా చూస్తే ఏ పోలికా కనిపించదు. 'క' కాలమ్‌ను కాసేపు దాచిపెట్టి సిన్యూక్లిన్ బ్యాండ్ ఒక్కదాన్నే చూడమన్నాను. చూస్తే ఎలుకలు మూడు గుంపులుగా విడిపోయాయి. సుమారు పావు వంతుకు బ్యాండ్ లేదు. సుమారు సగానికి పలచగా ఉంది. మిగతా పావుకు నిండుగా ఉంది. యాంటీబాడీ పాడైతే జెల్ మొత్తం పాడవుతుంది గానీ, మెండెల్ నిష్పత్తిలో పాడవదు. శాంపిల్ తయారీలో తేడా వచ్చినా ఇలా ఒకటి, రెండు, ఒకటిగా రాదు. ఏదో ఒక జన్యు తేడా ఈ లిట్టర్లలో తిరుగుతోంది, దానికి 'క'తో సంబంధం లేదు అన్నది అక్కడే తేలిపోయింది. 'క' ఉన్న క్రోమోజోమ్ వేరు, సిన్యూక్లిన్ జన్యువు ఎస్ఎన్‌సీఏ ఉన్నది ఎలుకల్లో 6వ క్రోమోజోమ్ మీద. రెండూ దేనికది విడిగా పిల్లలకు చేరుతున్నాయి.

ఎస్ఎన్‌సీఏ ఎక్సాన్లకు (జన్యువులో ప్రొటీన్ సమాచారం ఉండే భాగాలకు) ప్రైమర్లు, అంటే పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, వేసి పీసీఆర్ పెట్టాం. ఇలాంటి పీసీఆర్‌లో ఒక జాగ్రత్త తప్పనిసరి. బ్యాండ్ రాలేదంటే జన్యువు లేకపోవచ్చు, డీఎన్ఏ బాగా రాకపోయి ఉండవచ్చు, ప్రైమర్ పనిచేయకపోయి ఉండవచ్చు. అందుకని అదే ట్యూబ్‌లో మరో క్రోమోజోమ్ మీది జన్యువుకు కంట్రోల్ ప్రైమర్లు కూడా వేస్తాం. ఆ కంట్రోల్ బ్యాండ్ అన్ని ట్యూబుల్లోనూ వచ్చింది. వెస్టర్న్‌లో బ్యాండ్ లేని ప్రతి ఎలుకలోనూ ఎస్ఎన్‌సీఏ ఎక్సాన్లు ఒక్కటీ రాలేదు. ఒక ఎక్సాన్ కాదు, మొదటి నుంచి చివరి దాకా ఏదీ రాలేదు. ఒక్క డీఎన్ఏ అక్షరం మారే పాయింట్ మ్యుటేషన్ అయితే ఇలా ఉండదు. జన్యువుకు జన్యువే ఎగిరిపోయింది.

తర్వాత అటూ ఇటూ ఎంత దూరం పోయిందో చూడాలి. పక్కనే ఉన్న ఎంఎంఆర్ఎన్1 జన్యువుకు ప్రైమర్లు వేస్తే అదీ లేదు. ఇంకా బయటికి, రెండు వైపులా ఉన్న ప్రాంతాలకు వేస్తే అవి మామూలుగా వచ్చాయి. అంటే 6వ క్రోమోజోమ్‌లో రెండు జన్యువులను కలిపి ఒక ముక్క పోయింది. బ్యాండ్ పలచగా ఉన్న ఎలుకల్లో ఒక కాపీ పోయి ఒకటి మిగిలింది. ఉందా లేదా అని చూసే పీసీఆర్‌తో ఇది తెలియదు, ఒక్క కాపీ ఉన్నా బ్యాండ్ వస్తుంది. రియల్ టైమ్ పీసీఆర్‌లో రెఫరెన్స్ జన్యువుతో పోల్చి కాపీల సంఖ్య లెక్కగట్టాం. ఒకటి, అర, సున్నా, మూడు మెట్లుగా విడిపోయింది. అది వెస్టర్న్‌తో ఎలుక ఎలుకకూ సరిపోయింది.

'క' నాకౌట్ ర్యాక్ నుంచి తీసిన ప్రతి ఎలుకా సున్నాయే. రెండో ర్యాక్‌లోని మామూలు బ్లాక్ 6 అన్నీ ఒకటి.

ఈ ముక్క ఎక్కడిది

ఈ డిలీషన్, అంటే క్రోమోజోమ్ ముక్క పోవడం, ఇక్కడ కొత్తగా పుట్టింది కాదు. 2001లో లండన్‌లోని ఇద్దరు పరిశోధకులు, ఒక సరఫరా కాలనీ నుంచి వచ్చే బ్లాక్ 6 ఎలుకల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువు మొత్తం లేదని ప్రకటించారు. తర్వాత మల్టిమెరిన్-1 అనే ప్లేట్‌లెట్ ప్రొటీన్‌కు చెందిన ఎంఎంఆర్ఎన్1 కూడా ఆ ముక్కలోనే పోయిందని తేలింది. పోయిన ముక్క పొడవు సుమారు 365 కిలోబేసులు, అంటే 3,65,000 డీఎన్ఏ అక్షరాలు. ఆ ఉపజాతి పూర్తి పేరు సి57బిఎల్/6జెఓలాహెచ్ఎస్‌డి. మిగతా చోట్ల నుంచి వచ్చే బ్లాక్ 6లో జన్యువు భద్రంగా ఉంది. మా కేసులో పోయిన జన్యువులు రెండూ, మిగిలిన పక్క ప్రాంతాలూ ఆ వర్ణనతో సరిపోయాయి.

బ్లాక్ 6 వంశం 1921 నాటిది. క్లారెన్స్ లిటిల్ అమెరికాలో మొదలుపెట్టిన అన్నాచెల్లెళ్ల సంకరంలో 57వ నంబర్ ఆడ ఎలుక సంతతి ఇది. 2002లో ప్రచురితమైన మొదటి చిట్టెలుక జీనోమ్ కూడా దీనిదే. వందేళ్లలో ఈ వంశం ఎన్నో చోట్లకు వెళ్లింది. 1951లో ఒక శాఖ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌కు చేరి 6ఎన్ అయింది, బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబ్‌లో ఉండిపోయింది 6జె. విడిపోయిన ప్రతి కాలనీలో కొత్త మార్పులు వస్తూనే ఉంటాయి. కాలనీ చిన్నదైతే, జతలు అన్నాచెల్లెళ్లవే అయితే, ఆ మార్పు కొన్ని తరాల్లోనే అన్ని ఎలుకల్లోనూ స్థిరపడిపోతుంది. 'బ్లాక్ 6' అని మాత్రమే రాయడం మనిషి పేరు రాసి ఇంటిపేరు, ఊరు వదిలేసినట్టే. 'క' నాకౌట్లతో పాటు వచ్చిన కాగితాల మీద సరిగ్గా అంతే రాసి ఉంది, బ్లాక్ 6 బ్యాక్‌గ్రౌండ్ అని.

బ్యాక్‌క్రాస్ ఎన్ని తరాలు చేస్తే అంత శుద్ధి అని అందరూ చెబుతారు, నిజమే. పది తరాలు చేస్తే జీనోమ్‌లో 99.9 శాతం ఆ ఉపజాతిదే అవుతుంది. ఆ ఉపజాతికి 6వ క్రోమోజోమ్‌లో ముక్క లేకపోతే, ఎంత శ్రద్ధగా బ్యాక్‌క్రాస్ చేస్తే అంత ఖాయంగా ఆ లోపం కూడా వచ్చి చేరుతుంది. ఇక్కడ జరిగింది అదే. పాత సంస్థలో ఎవరూ పని చెడగొట్టలేదు. పేరులో చివరి అక్షరాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చేలోపు రాలిపోయాయి.

ల్యాబ్ దగ్గర ఒక సర్టిఫికెట్ కూడా ఉంది, కాలనీ పూర్తిగా బ్లాక్ 6 అని. అదీ అబద్ధం కాదు. మామూలుగా చేయించే స్నిప్ ప్యానెల్ (డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలను చూసే పరీక్ష) బ్లాక్ 6ను 129, బాల్బ్/సి లాంటి వేరే చిట్టెలుక వంశాల నుంచి విడదీసి చెప్పడానికి పెట్టింది. బ్లాక్ 6లో ఏ శాఖ అన్న ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు. దానికి ఉపజాతుల ప్యానెల్ వేరే ఉంటుంది, విడిగా అడిగి చేయించుకోవాలి.

ఇన్నాళ్లు ఎవరికీ కనపడలేదెందుకు

కేజ్‌లు చూసుకునే అన్నను అడిగాను, రెండు ర్యాక్‌ల ఎలుకల్లో ఏమైనా తేడా ఉందా అని. "ఏం లేదు మేడమ్. రెండూ ఒక్కతీరే ఉంటయి. మంచిగ తింటయి, పిల్లల్ని మంచిగ సాకుతయి" అన్నాడు. ఆయన చూపు మీద నాకు నమ్మకం ఎక్కువ. ఈ నగరంలో చాలా కాలనీలు నిలబడింది ఇలాంటి మనుషుల కళ్ల మీదే. ఆయన చెప్పింది శాస్త్రం చెప్పిన మాటే. ఆల్ఫా సిన్యూక్లిన్ లేని ఎలుకలు బతుకుతాయి, పిల్లల్ని కంటాయి, బయటికి మామూలుగానే కనిపిస్తాయి. మల్టిమెరిన్-1 కూడా లేని ఈ ఎలుకల్లో ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవని, రక్తం గడ్డకట్టే తీరులో లోపం ఉందని 2010లో ప్రచురితమైంది. కానీ అది ప్రత్యేకంగా పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, కేజ్ కడిగేటప్పుడు తెలియదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో విస్టార్ ఎలుకల కాలనీలో దానంతట అదే పుట్టిన మ్యుటేషన్ వల్ల విపరీతంగా లావెక్కే ఎలుకలు వచ్చాయి. వాటిని గుర్తించి, వేరుచేసి, ఊబకాయం పరిశోధనకు ప్రత్యేక వంశాలుగా పెంచారు. అక్కడ తేడా కంటికి కనిపించింది, చూసినవాళ్లు దాన్ని వదిలేయలేదు. ఈ కేసులో చూడగలిగే కన్ను పీసీఆర్ ఒక్కటే.

కావాలని తీసిన డిలీషన్లు

విద్యార్థినికి ఆ రోజుల్లో బాగా టెన్షన్‌గా ఉండేది, ఫెలోషిప్ గడువు ఒకవైపు, పోయిన చాప్టర్ ఇంకోవైపు. డిలీషన్ అంటేనే ఒక శాపం అన్నట్టు మాట్లాడేది. నాకు అది నచ్చలేదు. క్రోమోజోమ్ ముక్కలు లేని ఎలుకలు జన్యుశాస్త్రానికి ఇచ్చినంత మరేవీ ఇవ్వలేదేమో అనిపిస్తుంది నాకు. అందుకే ఆమెతో కూర్చుని కొన్ని పాత కథలు చెప్పాను. ఈ కేసు అర్థం కావడానికి కూడా అవి పనికొస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో విలియం రసెల్, లియాన్ రసెల్ దంపతులు రేడియేషన్ వల్ల వచ్చే మ్యుటేషన్లను లెక్కించడానికి లక్షల చిట్టెలుకలను పెంచారు. ఒంటి రంగునో చెవి ఆకారాన్నో మార్చే ఏడు జన్యువులను గుర్తుగా పెట్టుకున్నారు. పిల్ల రంగు మారితే ఆ జన్యువు దెబ్బతిన్నట్టు. అలా దొరికిన వాటిలో చాలా వరకు రంగు జన్యువుతో పాటు దాని చుట్టుపక్కల పెద్ద ముక్కలే పోయిన ఎలుకలు. వేర్వేరు పొడవుల డిలీషన్లను ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, ఏ ముక్క పోతే ఏ జబ్బు వస్తుందో చెప్పవచ్చు. జీనోమ్ సీక్వెన్స్ చేతికి రాకముందు ఇదే మ్యాప్.

7వ క్రోమోజోమ్ మీద అల్బినో జన్యువు దగ్గర రేడియేషన్‌తో వచ్చిన కొన్ని డిలీషన్లు రెండు కాపీల్లోనూ ఉంటే పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే చనిపోయేవి. కాలేయంలో ఎన్నో ఎంజైములు ఒకేసారి పడిపోయేవి. సలోమీ గ్లూక్‌సోన్-వెల్ష్ వీటిని దశాబ్దాల పాటు పరిశోధించారు. ఎన్నో జన్యువులను నడిపించే ఒక పెద్ద నియంత్రణ జన్యువు అక్కడ ఉండి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. చివరికి ఆ ముక్కలో పోయింది ఎఫ్ఏహెచ్ అనే ఎంజైమ్ జన్యువని, టైరోసీన్ విరిగే దారిలో విషపదార్థాలు పేరుకుని కాలేయం దెబ్బతింటోందని తేలింది. మనుషుల్లో టైరోసినీమియా టైప్ 1 జబ్బు ఇదే. 1993లో ఒక్క ఎఫ్ఏహెచ్ జన్యువును తిరిగి ఇస్తే ఆ పిల్లలు బతికాయి. మన కేసుకు ఈ కథ బాగా దగ్గర. 'క' సిన్యూక్లిన్‌ను నడిపిస్తోంది అని ల్యాబ్ అనుకుంది. అక్కడా ఇక్కడా జవాబు ఒకటే, సంబంధం ఉన్న జన్యువు అక్కడ లేదు, అంతే.

17వ క్రోమోజోమ్ మీద హెయిర్‌పిన్ తోక అనే డిలీషన్ ఉంది. తండ్రి నుంచి వస్తే పిల్ల బతుకుతుంది, తల్లి నుంచి వస్తే కడుపులోనే పోతుంది. ఈ వింతను 1974లో రాశారు. దాని వెనక ఉన్నది తల్లి కాపీ మాత్రమే పనిచేసే ఐజీఎఫ్2ఆర్ జన్యువని 1991లో డెనిస్ బార్లో బృందం చూపింది.

1995 నాటికి అలెన్ బ్రాడ్లీ బృందం క్రీ-లాక్స్‌పీ పద్ధతిలో కోరిన చోట నుంచి కోరిన చోటికి క్రోమోజోమ్ ముక్కను కత్తిరించే దారి వేసింది. ఆ దారిలోనే 1999లో డీఎఫ్1 ఎలుక వచ్చింది. మనుషుల్లో 22వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోతే డైజార్జ్ సిండ్రోమ్ వస్తుంది. పుట్టుకతో గుండె లోపమున్న పిల్లలకు జెనెటిక్స్ డాక్టర్లు ఆ ముక్క ఉందో లేదో చూసే 22క్యూ11 పరీక్ష రాసేది ఇందుకే. దానికి సమానమైన ముక్కను ఎలుకల 16వ క్రోమోజోమ్ నుంచి తీసేస్తే గుండె నుంచి వచ్చే పెద్ద ధమనుల్లో అవే లోపాలు కనిపించాయి. అదే ముక్క ఎదురు క్రోమోజోమ్ మీద రెండుసార్లు ఉంటే, అంటే మొత్తం కాపీలు మళ్లీ రెండు అయితే, లోపం రాలేదు. కొరత కాపీల సంఖ్యదే అని అలా రుజువైంది. 2001లో మూడు బృందాలు విడివిడిగా పనిచేసి, ఆ ముక్కలో గుండె లోపానికి ముఖ్యమైన జన్యువు టీబీఎక్స్1 అని తేల్చాయి. అదే డీఎఫ్1 డిలీషన్‌ను వేరే బ్యాక్‌గ్రౌండ్‌లోకి మారిస్తే లోపాలు కనిపించే శాతం మారిపోతుంది. ఈ చివరి మాట విన్నాక విద్యార్థిని తన నోట్‌బుక్ తెరిచి, "అయితే మా రెండు కాలనీల్లో ఇంకేం తేడాలున్నాయో కూడా చూడాలి కదా మేడమ్" అంది. నేను చెప్పబోయేది ఆమే అనేసింది.

రెండో డిలీషన్

చూశాం. కంట్రోల్ ర్యాక్‌లోని బ్లాక్ 6 జాక్సన్ శాఖవి, 6జె. ఆ శాఖకు ఒక డిలీషన్ ఉంది. 13వ క్రోమోజోమ్ మీద ఎన్ఎన్‌టీ జన్యువులో 7 నుంచి 11 దాకా ఐదు ఎక్సాన్లు లేవు. ఇది 2000 తర్వాతి దశకంలో, ఈ ఎలుకలకు గ్లూకోజ్ ఇస్తే ఇన్సులిన్ ఎందుకు తక్కువ వస్తోందని వెతుకుతుంటే బయటపడింది. ఎన్ఎన్‌టీ మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండి ఎన్ఏడీపీహెచ్ తయారీలో పాలుపంచుకుంటుంది, ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకోవడానికి అది కావాలి. ల్యాబ్ ఇచ్చే విషం దెబ్బకొట్టేది కూడా మైటోకాండ్రియానే.

'క' నాకౌట్ ర్యాక్‌లో ఎన్ఎన్‌టీ నిండుగా ఉంది. అంటే మొదటి ప్రయోగంలో పోల్చిన రెండు గుంపుల మధ్య తేడా 'క' ఒక్కటే కాదు. ఒక గుంపుకు 'క', ఎస్ఎన్‌సీఏ, ఎంఎంఆర్ఎన్1 లేవు. ఇంకో గుంపుకు ఎన్ఎన్‌టీ లేదు. కంట్రోల్ అని పేరు పెట్టిన ఎలుకకూ ఒక జన్యువు తక్కువే.

బ్రీడింగ్ ప్లాన్

ఇక్కడ లెక్క బాగా వేయాలి, తప్పితే వందల ఎలుకలు వృథా అవుతాయి. ఉన్న ఎఫ్2లోనే కావలసినవి ఏరుకుందామని ల్యాబ్ మొదట అనుకుంది. 'క' నాకౌట్ అయి, సిన్యూక్లిన్ రెండు కాపీలూ ఉండి, ఎన్ఎన్‌టీ కంట్రోల్‌తో సమానంగా ఉన్న పిల్ల ఎఫ్2లో 64కు ఒకటి. దానికి సరిపడే వైల్డ్ టైప్ ఇంకో 64కు ఒకటి. బ్లాక్ 6 లిట్టర్‌కు ఆరు పిల్లలు అటూ ఇటూగా వస్తాయి. ఈ దారిలో ఒక గుంపు నిండేసరికి మిగిలిన పిల్లలను ఏం చేయాలి?

ఎఫ్1ను మళ్లీ 6జె వైల్డ్ టైప్‌తో కలపమన్నాను. ఎఫ్1లో మూడు చోట్లా ఒక్కో కాపీ తేడా ఉంది. 6జె వైపు నుంచి 'క' మామూలుది, సిన్యూక్లిన్ మామూలుది, ఎన్ఎన్‌టీ డిలీషన్‌ది వస్తాయి. పుట్టే పిల్లల్లో సగానికి 'క' ఒక కాపీ పోయి ఉంటుంది. వాటిలో సగానికి సిన్యూక్లిన్ రెండు కాపీలూ ఉంటాయి. వాటిలో సగం ఎన్ఎన్‌టీ విషయంలో 6జెతో సమానం. అంటే ఎనిమిదికి ఒక పిల్ల. అలాంటి మగ, ఆడలను ఏరి కలిపితే తర్వాతి తరంలో నాలుగుకు ఒకటి 'క' నాకౌట్, నాలుగుకు ఒకటి వైల్డ్ టైప్, అన్నీ లిట్టర్‌మేట్సే. సిన్యూక్లిన్ అందరికీ ఉంటుంది, ఎన్ఎన్‌టీ ఎవరికీ ఉండదు. ఎన్ఎన్‌టీ ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోవచ్చు కదా అని గైడ్ అడిగారు. ఎంచుకోవచ్చు. కానీ ఎంపీటీపీ మీద వాళ్లు పోల్చుకోవాల్సిన పాత పనిలో చాలా భాగం 6జెలో జరిగింది కాబట్టి దాన్నే ఉంచారు.

ఒక తరానికి సుమారు మూడు నెలలు పట్టింది. గర్భం మూడు వారాలకు కాస్త తక్కువ, పాలు మానడానికి మూడు వారాలు, జత కట్టే వయసు రావడానికి ఇంకొన్ని వారాలు. రెండు తరాలంటే అర్ధ సంవత్సరం. మొదలుపెట్టే ముందు జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టించాను. పాత అనుమతిలో ఉపజాతి పేరు అసంపూర్తిగా ఉంది, జంతువుల సంఖ్య కూడా మారుతోంది. ఎందుకు మారుతోందో ఈ లెక్కతో సహా రాస్తే కమిటీ వెంటనే అర్థం చేసుకుంది.

ఫలితం

అప్పటికే పెరిగిన ఎఫ్2 ఎలుకలను ఊరికే పోనివ్వలేదు. అనుమతి ఉన్న మేరకు వాటి మీద ఎంపీటీపీ ప్రయోగం చేసి, మూడు జీనోటైపులనూ చూడకుండా కణాలు లెక్కపెట్టి, ఆ తర్వాత విప్పి చూశారు. విషాన్ని తట్టుకున్న ఎలుకలు సిన్యూక్లిన్ లేనివి. వాటిలో 'క' ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఎన్ఎన్‌టీ ప్రభావం విడదీసి చెప్పడానికి ఎఫ్2 సంఖ్య చాలదు, ఆ మాట రిపోర్ట్‌లో అలాగే రాయించాను. తట్టుకునే గుణం ఎస్ఎన్‌సీఏది అన్న నిర్ణయం 2002 నాటి ఫలితంతో సరిపోతుంది. ఈ డిలీషన్‌లో ఎంఎంఆర్ఎన్1 కూడా పోయింది కాబట్టి, ఒక్క ఎస్ఎన్‌సీఏనే తీసేసిన ఎలుకతో పోలిస్తే తప్ప అది నూటికి నూరు శాతం నిరూపణ కాదు.

శుభ్రం చేసిన కొత్త లిట్టర్లు వచ్చాక అసలు ప్రశ్నకు జవాబు దొరికింది. సిన్యూక్లిన్ ఉన్న 'క' నాకౌట్‌కూ దాని వైల్డ్ టైప్ తోబుట్టువుకూ డోపమీన్ కణాల నష్టంలో తేడా లేదు. సిన్యూక్లిన్ మోతాదులోనూ తేడా లేదు. విషం సంగతి పక్కనపెట్టి చూస్తే నాకౌట్ ఎలుకల నడకలో మాత్రం ఒక మార్పు ఉంది, అది కొత్త లిట్టర్లలోనూ నిలిచింది. విద్యార్థిని థీసిస్ ఇప్పుడు దాని చుట్టూ నడుస్తోంది. పాత చాప్టర్‌ను ఆమె చించెయ్యలేదు, ఈ డిలీషన్ ఎలా బయటపడిందో చెప్పే అనుబంధంగా మార్చింది. ఆ నిర్ణయం ఆమెదే, నాకు చాలా సంతోషం కలిగించింది.

నా దగ్గర మారింది ఒకటి ఉంది. బ్లాక్ 6 బ్యాక్‌గ్రౌండ్ అని ఏ కాలనీ వచ్చినా, అడిగినా అడగకపోయినా, మొదటి జీనోటైపింగ్‌లోనే ఎస్ఎన్‌సీఏ, ఎన్ఎన్‌టీ డిలీషన్లకు ప్రైమర్లు కలిపి వేస్తున్నాం. 6ఎన్ శాఖలో కంటి రెటీనాను దెబ్బతీసే ఆర్‌డీ8 మ్యుటేషన్‌కు కూడా, ముఖ్యంగా చూపు మీద, ప్రవర్తన మీద పనిచేసే ల్యాబులకు. దీనికయ్యే ఖర్చు ఒక కేజ్‌ను కొన్ని వారాలు నడిపే ఖర్చు కన్నా తక్కువ. కేజ్ కార్డుల మీద పూర్తి ఉపజాతి పేరు, ఎక్కడి నుంచి ఏ సంవత్సరం వచ్చింది, ఎన్ని తరాలుగా విడిగా పెరుగుతోంది అన్నవి రాయనిదే బ్రీడింగ్ ప్లాన్ ఇవ్వడం లేదు.

డిలీషన్ ఉన్న పాత లైన్‌ను తీసేయలేదు. 'క' మామూలుగా ఉండి, డిలీషన్ మాత్రమే ఉన్న ఎలుకలను ఎఫ్2 నుంచి వేరుచేసి ఒక చిన్న కాలనీగా ఉంచారు, వీర్యం ఫ్రీజ్ చేశారు. ఆల్ఫా సిన్యూక్లిన్ యాంటీబాడీ నిజంగా ఆ ప్రొటీన్‌నే పట్టుకుంటోందా అని పరీక్షించడానికి ఆ ప్రొటీన్ అస్సలు లేని మెదడు కావాలి. నగరంలో ఈ జబ్బు మీద పనిచేసే మరో రెండు ల్యాబులు ఇప్పుడు ఆ కణజాలాన్నే నెగటివ్ కంట్రోల్‌గా తీసుకువెళ్తున్నాయి.